ఆఫీసు ప్రవేశ కార్డులు, నల్ల పట్టీ కార్డులు: భద్రతా పరీక్షకు ఏ పరికరాలు కొనాలి?

వైట్‌ఫీల్డ్ వాసి రాశారు:

అందరికీ నమస్కారం. నేను బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక టెక్ పార్కులో ఉన్న మధ్యతరహా సంస్థలో సమాచార భద్రత విభాగంలో పనిచేస్తున్నాను. మా ప్రవేశ కార్డుల నిర్వహణ ఒప్పందం త్వరలో ముగుస్తోంది. దాన్ని పొడిగించే ముందు, ఇప్పుడున్న ఏర్పాటు ఎంత గట్టిదో పరీక్షించి నివేదిక ఇమ్మని మా పై అధికారి నాకు అప్పగించారు.

మా దగ్గర మూడు రకాల కార్డులు చలామణిలో ఉన్నాయి. పాత ఉద్యోగుల దగ్గర కాస్త మందంగా, మెడ పట్టీకి తగిలించుకునే రంధ్రంతో ఉన్న తెల్ల కార్డులు ఉన్నాయి. కొత్తగా చేరినవారికి ఫోటో ముద్రించిన పలుచటి కార్డులు ఇస్తున్నారు. క్యాంటీన్‌లో మాత్రం ఇప్పటికీ వెనక అయస్కాంత పట్టీ ఉన్న ప్రీపెయిడ్ కార్డును గీకి భోజనం తీసుకుంటున్నాము. ప్రాక్స్‌మార్క్, కెమీలియన్, ఫ్లిప్పర్ జీరో అంటూ రకరకాల పేర్లు వింటున్నాను గానీ, సంస్థ డబ్బుతో కొనేటప్పుడు ఏది దేనికి పనికొస్తుందో స్పష్టంగా తెలుసుకుని కొనాలని ఉంది.

ఈ విషయం నన్ను ఇంతగా పట్టుకోవడానికి మరో కారణం ఉంది. మేము ఉండే మారతహళ్ళి అపార్ట్‌మెంటు గేటు కార్డు పోయిందని మా పక్కింటివారు వీధి చివర డూప్లికేట్ తాళాలు చేసే కొట్టుకు వెళ్లారు. అతను టార్చిలైటంత ఉన్న ఒక నీలం యంత్రాన్ని వారి రెండో కార్డు మీద పెట్టి ఒక మీట నొక్కి, ఆ తర్వాత ఖాళీ కార్డు మీద పెట్టి ఇంకో మీట నొక్కాడు. టీ తాగేలోపు నకలు చేతికి వచ్చింది, అది గేటు కూడా తీసింది. మా ఆఫీసు కార్డుల పరిస్థితి కూడా ఇదేనా అన్నదే నా ప్రశ్న.

తీగలపని రాశారు:

వైట్‌ఫీల్డ్ వాసి గారూ, కార్డును చదివే రీడర్లను, తలుపు తీయాలో లేదో నిర్ణయించే కంట్రోలర్లను బిగించడమే నా వృత్తి. పరికరాలు కొనే ముందు మీ కార్డులు ఏ జాతివో తేల్చుకోండి. అందుకు పైసా ఖర్చు లేదు. ఎన్‌ఎఫ్‌సీ (దగ్గర పెడితే చాలు కార్డును చదివే సదుపాయం) ఉన్న ఫోనును కార్డు వెనక పెట్టి చూడండి. ఫోన్లు 13.56 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద పనిచేసే కార్డులనే పలకరిస్తాయి కాబట్టి, ఫోను ఏమాత్రం స్పందించకపోతే ఆ కార్డు చాలావరకు 125 కిలోహెర్ట్జ్ పాత రకమే అయి ఉంటుంది. మీరు చెప్పిన మందపాటి తెల్ల కార్డులు ఆ జాతివేనని నా అంచనా.

ఆ తెల్ల కార్డు మీద ముద్రించి ఉన్న అంకెలను ఒకసారి దగ్గరగా చూడండి. ఎడమవైపు పది అంకెల సంఖ్య, పక్కనే కామాతో విడదీసిన రెండు చిన్న సంఖ్యలు ఉంటాయి. ఉదాహరణకు 0012345678 అని ఉండి, పక్కన 188,24910 అని ఉంటుంది. ఈ రెండూ ఒకే సంఖ్యకు రెండు రూపాలు: 188ని 65,536తో హెచ్చించి 24,910 కలిపితే 1,23,45,678 వస్తుంది. కార్డు లోపలి చిప్పు రీడర్ దగ్గరికి రాగానే గాలిలోకి పంపేది దాదాపుగా ఇదే సంఖ్యను. ఈఎం4100 అనే ఈ చిప్పులో ఉండేవి మొత్తం 64 బిట్లు, అందులో అసలు సమాచారం 40 బిట్లు. పాస్‌వర్డు లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు, ఎదుట ఉన్నది నిజమైన రీడరేనా అని అడిగే ఏర్పాటు అసలే లేదు. అంటే మెడలో వేలాడే కార్డును ఫోటో తీసినా రహస్యం బయటపడినట్టే. మీ వీధి కొట్టతను చేసిందంతా ఆ సంఖ్యను చదివి, తిరిగి రాయడానికి వీలైన టీ5577 చిప్పున్న కార్డులో రాయడమే. దీన్ని పరీక్షించడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, నివేదికలో రెండు వాక్యాలు చాలు: ఈ కార్డులను మార్చాలి, ఈ రీడర్లను తీసేయాలి.

చిప్పుచదువరి రాశారు:

తీగలపని గారు చెప్పిన దానికి కొనసాగింపుగా పలుచటి కార్డుల సంగతి రాస్తాను, ఎందుకంటే అసలు పని అక్కడే ఉంది. 13.56 మెగాహెర్ట్జ్ అనగానే అన్నీ భద్రమైనవని చాలామంది అనుకుంటారు. ఆ పౌనఃపున్యం మీద పనిచేసే కార్డుల్లో మన దేశంలో ఎక్కువగా కనబడేది మైఫేర్ క్లాసిక్. ఇది 1994 నాటి రూపకల్పన. ఒక కిలోబైట్ రకంలో 16 సెక్టార్లు, ఒక్కొక్కదానిలో 4 బ్లాకులు, ప్రతి సెక్టారుకు 48 బిట్ల కీలు రెండు ఉంటాయి. దీని రక్షణ మొత్తం క్రిప్టో‌-1 అనే రహస్య పద్ధతి మీద ఆధారపడింది. 2007 డిసెంబరులో కార్స్టెన్ నోల్, హెన్రిక్ ప్లోట్జ్ చిప్పు పొరలను సూక్ష్మదర్శినితో ఫోటోలు తీసి ఆ పద్ధతిని బయటపెట్టారు. 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పూర్తి వివరాలు ప్రచురించబోతే తయారీ సంస్థ ఎన్‌ఎక్స్‌పీ కోర్టుకు వెళ్లింది, ఆ ఏడాది జులైలో ఆర్న్‌హెమ్ కోర్టు ప్రచురణను ఆపడానికి నిరాకరించింది. అంటే ఈ కార్డు బలహీనమని లోకానికి తెలిసి పదిహేనేళ్లు దాటింది. అయినా కొత్త భవనాల్లో ఇప్పటికీ ఇవే బిగిస్తున్నారంటే అది తెలియకపోవడం వల్ల కాదు, ఎవరూ అడగకపోవడం వల్ల. నాకు బాధ కలిగించే విషయం ఇదే.

ఇక పరికరాల మాట. ప్రాక్స్‌మార్క్ 3ని జొనాథన్ వెస్ట్‌హ్యూస్ రూపొందించి 2007లో అందరికీ తెరిచి ఇచ్చారు. ఒక ఎఫ్‌పీజీఏ (అవసరానికి తగ్గట్టు మలచుకునే చిప్పు), ఒక ఆర్మ్ మైక్రోకంట్రోలర్, రెండు యాంటెనాలు కలిసిన బోర్డు ఇది. 125 కిలోహెర్ట్జ్‌నూ 13.56 మెగాహెర్ట్జ్‌నూ రెండింటినీ చదవగలదు, కార్డుకూ రీడర్‌కూ మధ్య జరిగే సంభాషణను పక్కనుంచి వినగలదు, తానే కార్డులా నటించగలదు. పరీక్షకుడికి ఇందులో అత్యంత విలువైనది ఆ వినే గుణం. రీడర్ కార్డును ఏమని అడుగుతోందో, ఏ భాగాన్ని చదువుతోందో, లేక పేరు మాత్రం అడిగి వదిలేస్తోందో కళ్లారా చూడవచ్చు. ఆర్‌డీవీ4 అనే మేలురకం ఖరీదైనది, ఈజీ అనే చవక రకం కూడా మీ పనికి సరిపోతుంది.

కెమీలియన్ పరికరాలు ప్రధానంగా కార్డులా నటించడానికి పుట్టినవి. మొదటి కెమీలియన్ మినీ జర్మనీలోని బోహుమ్ రూర్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. ఏసీఆర్122యూ వంటి యూఎస్‌బీ రీడర్లు 13.56 మెగాహెర్ట్జ్‌లో చదవడానికి, రాయడానికి బాగానే పనికొస్తాయి, కానీ సంభాషణను వినలేవు. ఫ్లిప్పర్ జీరో చేతిలో పట్టుకుని తిరగడానికి, కార్డు రకాన్ని చప్పున గుర్తించడానికి మంచిదే గానీ, లోతుగా విశ్లేషించడానికి ప్రాక్స్‌మార్క్‌కు సాటి రాదు.

ఒక ముఖ్యమైన మాట. మీ పలుచటి కార్డులు మైఫేర్‌లోనే మరింత గట్టి రకమైన డెస్‌ఫైర్ అయితే సంతోషించడానికి తొందరపడకండి. డెస్‌ఫైర్ ఈవీ1 మొదలుకొని వచ్చిన తరాల్లో ఏఈఎస్-128 అనే గట్టి ఎన్‌క్రిప్షన్ రక్షణ ఉంది. వీటికంటే ముందటి పాత డెస్‌ఫైర్‌ను 2011లోనే బోహుమ్ పరిశోధకులు విద్యుత్ వినియోగాన్ని కొలిచి ఛేదించారు కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయండి. అయితే కార్డు ఎంత గొప్పదైనా, గోడ మీది రీడర్ దాని యూఐడీని, అంటే కార్డు గుర్తింపు సంఖ్యను మాత్రమే చదివి తలుపు తీస్తుంటే ఆ రక్షణ అంతా వృథా. యూఐడీ రహస్యం కాదు, ఏ రీడర్ అడిగినా కార్డు చెప్పేస్తుంది. గుమ్మం మీద రాసిన డోరు నంబరు పైకి చదివినవారికల్లా తాళం తీసి లోపలికి పిలిచినట్టు ఉంటుంది ఆ ఏర్పాటు.

వైట్‌ఫీల్డ్ వాసి రాశారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఫోనుతో చూశాను. పలుచటి కార్డు డెస్‌ఫైర్ ఈవీ2 అని కనబడింది, యూఐడీ 7 బైట్లది. మా వెండరు కూడా “మీది అత్యున్నత భద్రతా కార్డు సార్” అనే చెబుతూ వచ్చారు. రీడర్ యూఐడీ మాత్రమే చూస్తోందో లేదో, ఎవరి కార్డుకూ నకలు చేయకుండా తెలుసుకునే మార్గం ఉందా? పరీక్ష పేరుతో సహోద్యోగుల కార్డుల నకళ్లు నా దగ్గర పోగుపడటం నాకు ఇష్టం లేదు.

చిప్పుచదువరి రాశారు:

ఉంది, చాలా శుభ్రమైన మార్గమే. అదే తరం ఖాళీ డెస్‌ఫైర్ కార్డు ఒకటి బజారులో కొనండి. అందులో మీ సంస్థ అప్లికేషన్ (కార్డులో సంస్థ సమాచారం ఉండే భాగం) గానీ, కీలు గానీ ఏమీ ఉండవు. దాని యూఐడీని మీ నిర్వాహకుడి చేత పరీక్షా ఉద్యోగి పేరు మీద వ్యవస్థలో నమోదు చేయించి, తలుపు దగ్గర చూపించండి. తలుపు తెరుచుకుంటే మరో రుజువు అక్కర్లేదు: లోపల ఏమీ లేని కార్డుకు తలుపు తీసిందంటే రీడర్ యూఐడీ తప్ప ఇంకేమీ అడగడం లేదన్నమాట. తెరుచుకోకపోతే, అప్పుడు ప్రాక్స్‌మార్క్‌తో సంభాషణ వినడం మొదలుపెట్టవచ్చు.

డెస్‌ఫైర్‌లో యాదృచ్ఛిక యూఐడీ అనే సదుపాయం కూడా ఉంది. దాన్ని ఆన్ చేస్తే కార్డు ప్రతిసారీ 08తో మొదలయ్యే 4 బైట్ల కొత్త సంఖ్యను చెబుతుంది, అసలు యూఐడీ కీ తెలిసిన రీడర్‌కు మాత్రమే దొరుకుతుంది. దీన్ని ఆన్ చేయమని అడిగినప్పుడు “అలా చేస్తే మా సిస్టమ్ పనిచేయదు” అని వెండరు అంటే, మీ ప్రశ్నకు సమాధానం ఆయనే ఇచ్చినట్టు.

తీగలపని రాశారు:

చిప్పుచదువరి గారి పరీక్ష నాకు ఎంతో నచ్చింది. అయితే అందరూ కార్డు దగ్గరే ఆగిపోతారు. రీడర్ వెనక తీగలను ఎవరూ చూడరు, నేను పనిచేసే చోట్లలో ఎక్కువ లోపాలు కనబడేది అక్కడే.

రీడర్ కార్డును ఎంత భద్రంగా చదివినా, చదివిన సంఖ్యను గోడ లోపలి కంట్రోలర్‌కు పంపాలి. మన భవనాల్లో నూటికి తొంభై పాళ్లు, ఇది నా అనుభవం మాత్రమే, ఆ పనికి వీగండ్ అనే పాత పద్ధతినే వాడుతున్నారు. పచ్చ తీగ డేటా-0, తెల్ల తీగ డేటా-1. ఒకదాని మీద పల్స్ వస్తే సున్నా, రెండోదాని మీద వస్తే ఒకటి. సాధారణ రూపంలో 26 బిట్లు ఉంటాయి: 8 బిట్ల భవన సంకేతం, 16 బిట్ల కార్డు సంఖ్య, తప్పులు పట్టడానికి రెండు పారిటీ బిట్లు. అక్కడ ఎన్‌క్రిప్షన్ లేదు. రీడర్‌ను విప్పి ఆ రెండు తీగలకు అగ్గిపెట్టె కన్నా చిన్న బోర్డు తగిలిస్తే, వెళ్లిన ప్రతి సంఖ్యనూ అది రాసుకోగలదు, తిరిగి పంపగలదు. ఇటువంటి బోర్డులను భద్రతా సదస్సుల్లో బహిరంగంగానే చూపించారు.

కాబట్టి మీ పరీక్షలో రీడర్ల బిగింపును కూడా చేర్చండి. కారిడార్ వైపు ఉన్న రీడర్ కింది అంచున ఒకే ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని వదులు చేసి పైకి ఎత్తితే మొత్తం పెట్టె చేతిలోకి వస్తుంది. వచ్చినప్పుడు కంట్రోలర్ గదిలో అలారం మోగాలి. చాలాచోట్ల ఆ అలారం మోగించే ట్యాంపర్ తీగను చుట్టలా చుట్టి టేపు వేసి గోడలోకి తోసేస్తారు, ఎందుకంటే దాన్ని కలిపితే దుమ్ముకూ అదురుకూ తప్పుడు అలారాలు వస్తాయని ఫిర్యాదులు. ఇది చూడటానికి కావలసినవి ఒక స్క్రూడ్రైవరు, ఒక మల్టీమీటరు, బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరికే, తీగల మీది సంకేతాలను చూపే చిన్న లాజిక్ అనలైజరు. చెన్నైవారికి రిచీ స్ట్రీట్‌లో ఇవన్నీ దొరుకుతాయి.

వీగండ్‌కు ప్రత్యామ్నాయం ఓఎస్‌డీపీ అనే కొత్త పద్ధతి. ఇది ఆర్‌ఎస్-485 తీగల మీద రెండువైపులా మాట్లాడుతుంది, ఏఈఎస్-128తో భద్రమైన మార్గం ఏర్పరచగలదు, 2020లో అంతర్జాతీయ ఐఈసీ ప్రమాణంగా కూడా వచ్చింది. అయితే భద్రమార్గం ఆన్ చేయడం తప్పనిసరి కాదు, బిగించేటప్పటి డిఫాల్టు కీని అలాగే వదిలేసేవారూ ఉన్నారు. ఓఎస్‌డీపీ ఉందని కాగితం మీద చూసి సంతృప్తిపడకుండా, భద్రమార్గం నడుస్తోందా, కీ మార్చారా అని విడివిడిగా అడగండి.

పాత టెర్మినల్ రాశారు:

నమస్కారం. నేను చెన్నైలో ఉంటాను. దుకాణాల్లో కార్డు గీకే యంత్రాల నిర్వహణలో చాలాకాలం పనిచేశాను. క్యాంటీన్ కార్డు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి ఆ భాగం నేను తీసుకుంటాను.

పట్టీ మీద సమాచారం రాసే మూడు జాడలు (ట్రాకులు) ఉంటాయి. మొదటి జాడలో అంగుళానికి 210 బిట్ల సాంద్రతతో గరిష్ఠంగా 79 అక్షరాలు, రెండోదానిలో 75 బిట్ల సాంద్రతతో 40 అంకెలు, మూడోదానిలో మళ్లీ 210 సాంద్రతతో 107 అంకెలు పడతాయి. బ్యాంకు కార్డుల్లో ఎక్కువగా పని జరిగేది రెండో జాడతో. అందులో కార్డు సంఖ్య, గడువు నెల, ఆ వెంటనే మూడంకెల సేవా సంకేతం ఉంటాయి. ఆ మూడంకెల్లో మొదటిది 2 గానీ 6 గానీ అయితే, ఈ కార్డుకు చిప్పు ఉందని, వీలైన చోటల్లా చిప్పునే వాడాలని యంత్రానికి సూచన. చిప్పు ఉన్న కార్డును గీకినప్పుడు “కార్డును లోపలికి పెట్టండి” అని యంత్రం అడగడానికి కారణం అదే.

పట్టీలోని అసలు లోపం ఏమిటంటే, అందులో ఉన్నది ఎప్పటికీ మారదు. ఒకసారి చదివినవారికి అది పూర్తిగా దొరికినట్టే. అందుకే మన రిజర్వు బ్యాంకు 2015 సెప్టెంబరు నుంచి కొత్త కార్డులన్నీ చిప్పు, పిన్‌తోనే ఇవ్వాలని, 2018 డిసెంబరు 31 నాటికి పాత పట్టీ కార్డులన్నిటినీ మార్చాలని బ్యాంకులను ఆదేశించింది. మాస్టర్‌కార్డ్ 2021లో ప్రకటించిన ప్రకారం 2033 నాటికి తమ కార్డుల్లో పట్టీయే ఉండదు.

పరీక్షకు కావలసినది చాలా చిన్నది. యూఎస్‌బీ స్వైప్ రీడర్ ఒకటి కొనండి. అది కంప్యూటరుకు కీబోర్డులా కనబడుతుంది, మీరు నోట్‌ప్యాడ్ తెరిచి కార్డు గీకితే పట్టీలో ఉన్నది అక్షరాలుగా తెర మీద పడుతుంది. క్యాంటీన్ కార్డు విషయంలో మీరు చూడవలసిన ప్రశ్న ఒక్కటే: పట్టీలో ఉద్యోగి సంఖ్య మాత్రమే ఉండి, మిగిలిన డబ్బు సర్వరులో ఉందా, లేక మిగిలిన డబ్బే పట్టీ మీద రాసి ఉందా? భోజనానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మీ సొంత కార్డునే గీకి చూడండి. తెర మీది అంకెలు మారితే డబ్బు పట్టీలో ఉందని అర్థం, అప్పుడు దాన్ని వెంటనే ఆపించాలి. మారకపోతే మీ సంఖ్యకు పక్కవాడి సంఖ్య ఒకటి తేడాతో ఉందా అని చూడండి. వరుస సంఖ్యలైతే అదీ లోపమే.

పట్టీ రంగు కూడా కొంత చెబుతుంది. గోధుమరంగు పట్టీలు సాధారణంగా 300 ఓర్‌స్టెడ్ (అయస్కాంత బలానికి కొలమానం) తక్కువ బలం రకం, చెరిపి రాయడం తేలిక. నల్లవి ఎక్కువగా 2750 రకం. 2015లో సామీ కమ్‌కార్ అనే పరిశోధకుడు మాగ్‌స్పూఫ్ అనే చిన్న పరికరంతో, పట్టీ లేకుండానే తీగచుట్ట ద్వారా అయస్కాంత సంకేతాన్ని పంపి రీడర్‌ను నమ్మించవచ్చని చూపించారు. శామ్‌సంగ్ పే కూడా కొంతకాలం ఇటువంటి సూత్రంతోనే పాత యంత్రాల దగ్గర పనిచేసింది. పట్టీ చేతికి అందనంత మాత్రాన రీడర్ భద్రమని అనుకోకూడదని చెప్పడానికే ఇది రాశాను.

ఒక హెచ్చరిక కూడా. ఆ స్వైప్ రీడర్‌లో సహోద్యోగుల బ్యాంకు కార్డులను సరదాకు కూడా గీకవద్దు. పూర్తి జాడ సమాచారాన్ని దాచుకోవడం చెల్లింపు పరిశ్రమ నిబంధనలకు విరుద్ధం, మీ ల్యాప్‌టాప్‌లో అది ఒక ఫైలుగా మిగిలిపోతే బాధ్యత మీదే.

కొత్త చూపు రాశారు:

ఆసక్తికరమైన చర్చ. ఇదే ప్రాక్స్‌మార్క్‌తో మెట్రో కార్డులో ఉన్న డబ్బును పెంచుకోవడం సాధ్యమేనా? తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

నిర్వాహకులు రాశారు:

ఈ ప్రశ్నకు ఇక్కడ సమాధానం ఇవ్వడం కుదరదు, ఎవరూ ఇవ్వవద్దని కోరుతున్నాము. యజమాని అనుమతి లేకుండా ఒక వ్యవస్థలోకి ప్రవేశించడం, అందులోని సమాచారాన్ని మార్చడం ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తాయి. అదే పని నిజాయితీ లేని ఉద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇతరుల గుర్తింపు సంఖ్యలను మోసపూరితంగా వాడితే 66సీ వర్తిస్తుంది. సొంత కార్డు, సొంత వ్యవస్థ, లేదా రాతపూర్వక అనుమతి ఉన్న వ్యవస్థ: ఈ చర్చ వాటికే పరిమితం.

ఒప్పందాల గది రాశారు:

నిర్వాహకుల మాటను అందుకుని, వైట్‌ఫీల్డ్ వాసి గారికి అనుమతి గురించి ఒక సూక్ష్మం చెప్పాలి. నేను సంస్థల తరఫున ఇటువంటి పరీక్షల ఒప్పందాలు రాస్తుంటాను. మీ పై అధికారి చెప్పారు కాబట్టి అనుమతి ఉన్నట్టే అని మీరు అనుకోవచ్చు, కానీ టెక్ పార్కుల్లో పరిస్థితి అంత సులువుగా ఉండదు. కింద ఉన్న ఫ్లాప్ గేట్లు, లిఫ్టులు పార్కు యజమానివి. మీ అంతస్తులోని తలుపులు మాత్రమే మీ సంస్థవి. క్యాంటీన్ యంత్రం భోజనాల కాంట్రాక్టరుది. రెండు చోట్లా ఒకే కార్డు పనిచేస్తున్నా, యజమానులు వేరు. కాబట్టి పార్కు నిర్వాహకుల నుంచి, కాంట్రాక్టరు నుంచి విడివిడిగా లేఖలు తీసుకోండి. లేఖలో ఏ రీడర్లు, ఏ తేదీలు, ఏ సమయం, ఏ పరికరాలు, దొరికిన సమాచారాన్ని ఎవరికి ఇస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అన్నవి రాయించండి. పరీక్ష జరిగే రాత్రి సెక్యూరిటీ సూపర్‌వైజరు చేతిలో దాని ప్రతి ఉండాలి, లేకపోతే రీడర్ స్క్రూ విప్పుతున్న మిమ్మల్ని ఆయన పట్టుకోవడంలో తప్పేమీ లేదు.

లోపం మీ ఏర్పాటులో కాక తయారీదారు ఉత్పత్తిలోనే కనబడితే ముందు వారికి, అవసరమైతే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయండి. హోటల్ తాళాల విషయంలో జరిగింది మంచి నమూనా. సాఫ్‌లాక్ అనే తాళాల్లో లోపాన్ని పరిశోధకులు 2022 సెప్టెంబరులో తయారీదారు డోర్మకాబాకు చెప్పారు, బయటికి ప్రకటించింది 2024 మార్చిలో. 131 దేశాల్లో 30 లక్షలకు పైగా తలుపులకు సంబంధించిన విషయం కాబట్టి మరమ్మతుకు అంత సమయం ఇచ్చారు, అప్పటికీ పూర్తి దాడి వివరాలు చెప్పలేదు. ఆ తాళాలు వాడినదీ మైఫేర్ క్లాసిక్ కార్డులనే అన్నది చిప్పుచదువరి గారి ఆవేదనకు బలం ఇస్తుంది.

గృహిణి, కేఆర్ పురం రాశారు:

చర్చ మధ్యలో వచ్చినందుకు మన్నించండి. ఈ యంత్రాలు ఇంత సులువుగా దొరుకుతుంటే, కిక్కిరిసిన బీఎంటీసీ బస్సులో ఎవరైనా నా హ్యాండ్‌బ్యాగు దగ్గర యంత్రం పెట్టి బ్యాంకు కార్డులోంచి డబ్బు లాగేయగలరా? మా అమ్మాయి కార్డుకు రేకు కవరు కొనమంటోంది.

పాత టెర్మినల్ రాశారు:

అమ్మా, ఇది అందరికీ ఉండే భయమే కాబట్టి వివరంగా రాస్తాను. ట్యాప్ చేసే బ్యాంకు కార్డు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే పలుకుతుంది. దగ్గరికి తెచ్చిన యంత్రానికి కార్డు సంఖ్య, గడువు దొరకవచ్చు గానీ, వెనక ముద్రించిన మూడంకెల సీవీవీ చిప్పులో ఉండదు. పైగా ప్రతి చెల్లింపుకూ చిప్పు కొత్త క్రిప్టోగ్రామ్ (ఆ ఒక్కసారికే పనికొచ్చే రహస్య సంకేతం) తయారుచేస్తుంది, లోపలి లెక్కసంఖ్య ఒక్కొక్కటి పెరుగుతుంది. ఒకసారి విన్నదాన్ని రెండోసారి వాడితే బ్యాంకు తిప్పికొడుతుంది. పట్టీకీ చిప్పుకూ ఉన్న తేడా ఇదే. దొంగ నిజమైన దుకాణం యంత్రమే తెచ్చినా, ఆ డబ్బు ఒక వ్యాపారి ఖాతాలోకే వెళ్తుంది కాబట్టి ఆచూకీ దొరుకుతుంది. పిన్ లేకుండా ఒక్కో ట్యాపుకు 5,000 రూపాయలే పరిమితి, ఇది 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.

అంటే లోపాలే లేవని కాదు. 2020లో జ్యూరిక్ ఈటీహెచ్ పరిశోధకులు వీసా కార్డుల్లో పిన్ అడగకుండా దాటే మార్గాన్ని చూపించారు. రెండు ఫోన్లతో సంభాషణను దూరానికి చేరవేసే రిలే దాడి కూడా సిద్ధాంతంగానూ, ఆచరణలోనూ నిజమే, ఎందుకంటే కార్డు జవాబుకు రీడర్ ఎదురుచూసే వ్యవధిని ప్రమాణమే ఉదారంగా ఉంచింది. మీకు నేను ఇచ్చే సలహా రేకు కవరు కాదు. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం వల్ల ట్యాప్ సదుపాయాన్ని ఆన్, ఆఫ్ చేసుకునే వీలు, పరిమితి మార్చుకునే వీలు ప్రతి కార్డుదారుకూ ఉంది. మీ బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లోకి వెళ్లి, మీరు ట్యాప్ వాడకపోతే ఆపేయండి, వాడితే పరిమితిని మీకు కావలసినంతకు తగ్గించండి.

గృహిణి, కేఆర్ పురం రాశారు:

ఇప్పుడే ఆపేశానండి. చాలా ధన్యవాదాలు.

వైట్‌ఫీల్డ్ వాసి రాశారు:

లేఖలు తీసుకున్నాక మా అంతస్తు తలుపులను, క్యాంటీన్ కార్డును పరీక్షించాము. పార్కు నిర్వాహకులు తమ గేట్లకు అనుమతి ఇవ్వలేదు, వాటి జోలికి వెళ్లలేదు. కొన్నది ప్రాక్స్‌మార్క్ ఈజీ, ఒక యూఎస్‌బీ స్వైప్ రీడర్, ఖాళీ కార్డులు కొన్ని.

క్యాంటీన్ కార్డులో ఉద్యోగి సంఖ్య మాత్రమే ఉంది, డబ్బు సర్వరులో ఉంది. కానీ సంఖ్యలు వరుసగా ఉన్నాయి. ఖాళీ డెస్‌ఫైర్ కార్డు యూఐడీని నమోదు చేసి చూపిస్తే ప్రధాన ద్వారం వెంటనే తెరుచుకుంది. ఇంకొకటి మేము ఊహించనిది. కొత్త పలుచటి కార్డుల్లో రెండు చిప్పులు ఉన్నాయి: డెస్‌ఫైర్ ఒకటి, పాత 125 కిలోహెర్ట్జ్‌ది ఇంకొకటి. వెనక మెట్ల తలుపు దగ్గర పాత రీడరే ఉండటంతో, అది ఆ రెండో చిప్పునే చదువుతోంది. కార్డును కిటికీ వెలుతురులో పట్టి చూస్తే చతురస్రపు తీగచుట్ట లోపల గుండ్రటి చుట్ట మరొకటి స్పష్టంగా కనబడింది.

నివేదిక ఇచ్చాము. రీడర్లను డెస్‌ఫైర్ అప్లికేషన్ చదివేలా మార్చడానికి వెండరు ఒప్పుకున్నారు. కీలు మాకు అప్పగించమని అడిగితే, “మా కస్టమర్లందరికీ ఒకే కీ సార్, అది ఇవ్వడం కుదరదు” అన్నారు. దీనికి ఏం చెప్పాలి?

తీగలపని రాశారు:

ఒప్పుకోవద్దు. అందరికీ ఒకే కీ అంటే, ఆ వెండరు బిగించిన మరో భవనంలో కీ బయటపడిన రోజున మీ తలుపు కూడా తెరుచుకుంటుంది. మీ సంస్థకు ప్రత్యేకమైన మాస్టర్ కీ ఉండాలని, అది మీ సొత్తేనని, ఒప్పందం ముగిసినా మీ దగ్గరే ఉంటుందని కొనుగోలు ఆర్డరులోనే రాయించండి. రీడర్ తయారీదారులు చాలామంది ఈ కీలను ఎక్కించడానికి ప్రత్యేకమైన కాన్ఫిగరేషన్ కార్డులు ఇస్తారు. ఆ కార్డును వెండరు బ్యాగులో కాక మీ లాకరులో ఉంచుకోండి.

చిప్పుచదువరి రాశారు:

దానికి తోడు, మాస్టర్ కీని నేరుగా కార్డుల్లో రాయనివ్వకండి. ప్రతి కార్డు యూఐడీని మాస్టర్ కీతో కలిపి ఆ కార్డుకు మాత్రమే చెందే కీని తయారుచేసే పద్ధతి ఉంది, కీ డైవర్సిఫికేషన్ అంటారు, దానికి ఎన్‌ఎక్స్‌పీ ప్రచురించిన విధానమే ఉంది. ఒక కార్డు కీ ఎలాగో బయటపడినా మిగతా కార్డులకు ప్రమాదం ఉండదు. రెండు చిప్పుల కార్డులను ఇకపై కొనవద్దు. మెట్ల తలుపు రీడర్ మార్చేదాకా, పాత 125 కిలోహెర్ట్జ్ సంఖ్యలన్నిటినీ ఆ తలుపు అనుమతి జాబితాలోంచి తీసేసి, లోపలినుంచి బయటికి వెళ్లే మీటను మాత్రమే పనిచేయనివ్వండి. అగ్నిప్రమాదం జరిగితే జనం దిగవలసిన దారి అది కాబట్టి, బయటికి వెళ్లడానికి ఎటువంటి ఆటంకమూ ఉండకూడదు.

వైట్‌ఫీల్డ్ వాసి రాశారు:

మెట్ల తలుపు జాబితాను ఈ సాయంత్రమే ఖాళీ చేయించాము, లోపలి మీటను సెక్యూరిటీ సూపర్‌వైజరు ఎదుట నొక్కి చూశాము. మాస్టర్ కీ, డైవర్సిఫికేషన్, యాదృచ్ఛిక యూఐడీ, ఓఎస్‌డీపీ భద్రమార్గం, ట్యాంపర్ తీగ కలపడం: ఈ ఐదింటినీ కొత్త ఒప్పందం ముసాయిదాలో షరతులుగా చేర్చి వెండరుకు పంపాము. వాటికి ఒప్పుకోకపోతే వేరే వెండరును చూస్తామని మా పై అధికారి స్వయంగా రాశారు.